తెల్ల మెట్టు, నల్ల మెట్టు

నేను ఒక హార్మోనియం పెట్టెని. నా మాట మీరు వెంటనే నమ్మాలని అడగను. నన్ను మొదటి చూపులోనే నమ్మినవాళ్లు ఇంతవరకు ఎవరూ లేరు. మూత ఎత్తి లోపలికి తొంగి చూస్తారు. వేలి కణుపుతో చెక్కను కొట్టి చూస్తారు. తిత్తి లాగి, ఎక్కడైనా గాలి పోతోందేమోనని చెవి ఆనిస్తారు. మనుషుల మధ్య ఇన్నేళ్లు గడిపాక ఆ గుణం నాకూ అబ్బింది. ఎవరైనా నన్ను మరీ మెత్తగా తాకితే, వీడికి నాతో ఏం పనో అని ముందు అనుమానం వస్తుంది.

నన్ను చేసింది రాజమండ్రిలో ఖాసిం సాహెబు. కలప అమ్మిన అడితివాడు పచ్చి టేకు అంటగట్టాడేమోనని ఆయన అనుమానం. ఆ చెక్కను ఎండలో, నీడలో మార్చి మార్చి పెట్టి, అది ఇక వంకర పోదని తేల్చుకున్నాకే రంపం పెట్టాడు. ఇత్తడి రీడ్లను ఒక్కొక్కటిగా ఆకురాయితో గీకి, నోటితో ఊది విని, మళ్లీ గీకేవాడు. అంత అనుమానంతో చేశాడు కాబట్టే నేను ఇన్నాళ్లు నిలిచాను.

మొదట నన్ను ఒక ప్లీడరుగారు కూతురి కోసం కొన్నారు. ఆ పిల్ల సరళీ స్వరాలు దాటి రెండు కీర్తనలు నేర్చుకుందో లేదో, పాఠం చెప్పే మాస్టారు పుస్తకం వైపు కాకుండా పిల్ల వైపు చూస్తున్నాడని ప్లీడరుగారికి తోచింది. నిజానికి ఆ మాస్టారు చూసేది వంటింటి వైపు, కాఫీ ఎప్పుడొస్తుందా అని. నేను సాక్ష్యం చెప్పలేను కదా. పాఠాలు ఆగిపోయాయి. నా మీద దుప్పటి కప్పారు. కొన్నాళ్లకు ఆ దుప్పటి తీసింది మాణిక్యాంబ.

మాణిక్యాంబది సామర్లకోట. హరికథలు చెప్పేది. కాళ్లకు గజ్జెలు కట్టి, మెడలో పూలదండ వేసుకుని, చేతిలో చిడతలతో ఆమె నిలబడితే, పందిరి చివర సోడా బండి దగ్గర ఉన్నవాడికి కూడా ప్రతి అక్షరం విడివిడిగా వినపడేదట. ఆమె చెల్లెలు తాయారు ఆమె వెనక కూర్చుని నన్ను వాయించేది. తల్లి పోయినప్పుడు తాయారు చాలా చిన్నది. అక్కే జడలు వేసి, అన్నం పెట్టి, స్వరాలు నేర్పి పెంచింది. తాయారుకీ గొంతు ఉంది. కానీ అక్క ఇంట్లో లేనప్పుడు మాత్రమే పాడేది. అక్క గుమ్మంలోకి రాగానే ఆపేసేది. మృదంగం గవర్రాజు వాయించేవాడు. తక్కువ మాట్లాడే మనిషి.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. ఊరికే ఉన్నప్పుడు నాకు మాటలన్నీ వినపడతాయి. మోగుతున్నప్పుడు మాత్రం నా గొంతు తప్ప మరొకటి వినపడదు. మనుషుల్లోనూ ఇలాంటివాళ్లు ఉన్నారని తర్వాత తెలిసింది. కాబట్టి మాణిక్యాంబ పాట ఎలా ఉండేదో నలుగురూ అనుకోగా విన్నదే. నాకు స్వయంగా తెలిసిందల్లా తాయారు వేళ్లు.

అక్క పాడేది ఐదు శ్రుతిలో. ఆ శ్రుతికి షడ్జం ఒక తెల్ల మెట్టు మీద ఉంటుంది. కథ మొదట్లో దాని మీద వేలు పెడితే, మంగళం పాడేదాకా అదే ఆధారం. కథ మధ్యలో ఆధారం మార్చడమంటే, నడుస్తున్నవాడి కాలి కింద నేలను కదపడమే.

ఒక ఎండాకాలం పిఠాపురం పందిట్లో, పాట సగంలో ఉండగా, తాయారు వేలు తెల్ల మెట్టు మీద నుంచి మెల్లగా జారి, దాని కిందనున్న నల్ల మెట్టు మీదకు వెళ్లింది. పొరపాటేమో అనుకున్నాను. పాట అయ్యేదాకా వేలు అక్కడే ఉంది. ఆమె గవర్రాజు వైపు చూసింది. అతను తల దించుకుని, శ్రుతి పలికే మృదంగం కుడి వైపు కొట్టీ కొట్టనట్టు కొడుతూ ఎడమ వైపే గట్టిగా వాయించాడు. తర్వాత వచనం దగ్గర తాయారు మళ్లీ తెల్ల మెట్టుకు వచ్చేసింది, ఏమీ ఎరగనట్టు.

తర్వాతి ఊళ్లోనూ అంతే. ఆ పై ఊళ్లోనూ అంతే. వీళ్లిద్దరూ కూడబలుక్కుని అక్క కాలి కింద నేల లాగేస్తున్నారని నాకు గట్టిగా అనిపించింది. పెంచిన చేతులకు ఇదా తాయారు చేసేది అనుకున్నాను.

మాణిక్యాంబకు కూడా ఏదో తేడాగా ఉందని తెలిసింది. మొదట ఆమె అనుమానం నా మీదే. ఈ పెట్టె గొంతు పూడుకుపోయిందని, పై స్థాయి మెట్లు పలకడం లేదని నన్ను రాజమండ్రి తీసుకెళ్లింది. ఖాసిం సాహెబు అప్పటికి ముసలివాడయ్యాడు. నన్ను మొత్తం విప్పి, ప్రతి రీడూ ఊది, దీనికి ఏ రోగమూ లేదమ్మా అన్నాడు. ఆమె నమ్మలేదు. తిరిగి వస్తూ బస్సులో, ఇతనికి ఎవరో ముందే చెప్పి ఉంచారని గవర్రాజుతో అంది.

ఆ తర్వాత ఇంట్లో అనుమానం కాపురం పెట్టింది. రేడియో కొట్టువాడు నాసిరకం సరుకు అంటగట్టాడని తిట్టి, దాని చెవి చివరిదాకా తిప్పేది. పాలమనిషి మాట మింగేస్తోందనేది. ఊళ్లో అందరికీ నోట్లో నోట్లో గొణుక్కునే జబ్బు పట్టుకుందనేది. తాయారు, గవర్రాజు వీధి అరుగు మీద మాట్లాడుకుంటుంటే తలుపు వెనక నిలబడి చూసేది. తనను చూడగానే వాళ్లు ఆపేసేవాళ్లు. ఒకరోజు పెద్దాపురం ఆడపిల్లల బడి నుంచి ఒకావిడ వచ్చి, సంగీతం చెప్పడానికి రమ్మని తాయారును అడిగింది. అక్కను వదిలి రాలేనని తాయారు గుమ్మంలోనే చెప్పి పంపేసింది. మాణిక్యాంబ కిటికీలోంచి చూసింది. ఆమెకు కనపడింది రెండు నోళ్లు కదలడం, చివర్లో ఒక నమస్కారం. అంతే, చెల్లెలు వేరే మేళం పెట్టుకుంటోందని తీర్మానించుకుంది.

ఆ ఏడు శ్రీరామనవమికి రామచంద్రపురంలో కథ. పాట మధ్యలో అడుగు వేస్తూ మాణిక్యాంబ ఉన్నట్టుండి వెనక్కి తిరిగింది. తాయారు వేలు నల్ల మెట్టు మీద ఉంది. అక్క ఆ వేలిని చూసింది. అక్క చూసిందని తాయారు చూసింది. పాట ఆగలేదు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక, మాణిక్యాంబ నా పక్కనే చాప మీద కూర్చుని చెల్లెల్ని పిలిచింది.

"నిన్న నీ వేలు నల్ల మెట్టు మీదుంది. ఎన్నాళ్లనుంచే ఈ పని?"

"చాన్నాళ్లయిందక్కా."

అక్క ఈ జవాబు అనుకోలేదు. బుకాయిస్తుందనుకుంది.

"నలుగురిలో నన్ను నవ్వులపాలు చేద్దామనా?"

తాయారు తల వంచుకుని, కాదక్కా, నిన్ను కాపాడుకుందామనే అంది. నాకు స్పష్టంగా వినపడింది. అక్క మాత్రం ఏం, నోరు పెగలట్లేదా అంది. వంచిన తల వైపు ఇంకాసేపు చూసి, నీ బట్టలు సర్దుకో అంది.

తాయారు ఆ సాయంత్రమే పెద్దాపురం వెళ్లిపోయింది. అక్కడ పిన్నిగారింట్లో ఉండి బళ్లో సంగీతం చెప్పడానికి చేరింది. నేను అక్క డబ్బుతో కొన్న వస్తువును కాబట్టి అక్కడే ఉండిపోయాను. దొంగ దొరికిందని నాకు కొంచెం తృప్తిగానే ఉంది. కానీ ఆ "కాపాడుకుందామనే" అన్న మాట చెక్కలో చీలలా ఉండిపోయింది.

కొత్త హార్మోనిస్టు అప్పలాచారి. శ్రుతి విషయంలో మహా నిక్కచ్చి. తుని పందిట్లో మొదటి కథ. సాయంత్రం వెలుతురు ఇంకా ఉండగానే మొదలైంది. అతను తెల్ల మెట్టు మీద వేలు పెట్టాడు, ఇక దాన్ని కదపలేదు. రెండు పాటలయ్యాయి. మూడో పాట ముగిసి నా గొంతు ఆగేసరికి ముందు వరసల్లో గుసగుసలు వినపడ్డాయి. ఈవిడికేవయిందమ్మా అని ఒకావిడ అంటోంది. ఎవరో ముక్కుతో నవ్వారు.

అప్పలాచారి గవర్రాజు వైపు వంగాడు. "ఆవిడ పాడుతూ పాడుతూ అరశ్రుతి దిగిపోతున్నారండి. నేనూ దిగాలా, ఇక్కడే ఉండాలా?"

గవర్రాజు మృదంగం మీద చెయ్యి ఆనించాడు. "తాయారమ్మగారైతే దిగేవారండి," అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు. కదిలింది నేల కాదు, కాలు. కాలు ఎటు తడబడితే అటు నేలను జరిపి పెడుతూ వచ్చింది ఆ పిల్ల. చెల్లెలు శ్రుతి మారుస్తోందని అక్క పట్టుకున్నది నిజమే. ఎందుకు మారుస్తోందో మాత్రం మేమిద్దరం తప్పుగా అనుకున్నాం.

మాణిక్యాంబకు ఈ మాటలేవీ వినపడలేదు. ఆమె నాలుగో పాట ఎత్తుకుంది. ముందు వరసలో ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకోవడం చూసింది. అప్పలాచారి మొహంలో కంగారు చూసింది. తర్వాత అతని వేలు చూసింది. అది తెల్ల మెట్టు మీదే ఉంది. వేలు కదలలేదు, అయినా జనం నవ్వుతున్నారు. చాలాసేపు చూసింది. చరణం మధ్యలో పాట ఆపేసింది.

ఆమె చిడతలు నా మూత మీద పెట్టింది. జనం వైపు తిరిగి, "నాయనలారా, ఇక్కణ్ణించి కథ మాటల్లో చెబుతాను. పాట వినాలనుకున్నవాళ్లు క్షమించాలి," అంది.

చెప్పింది. అడవిలో నడిచేవాళ్ల అలసట చెప్పింది, ఒకరికి తెలియకుండా మరొకరు దాచుకునే ఏడుపు చెప్పింది. నేను మోగడం లేదు కాబట్టి మొదటిసారి ఆమె కథ మొత్తం విన్నాను. లేచి వెళ్లబోయినవాళ్లు చెప్పులు విడిచి మళ్లీ కూర్చున్నారు. అప్పలాచారి చేతులు కట్టుకుని వింటూ ఉండిపోయాడు.

మర్నాడు గవర్రాజు నన్ను భుజాన పెట్టుకోగా, ఆమె బస్సెక్కి పెద్దాపురం వెళ్లింది. బడి వదిలే వేళ. తాయారు వరండాలో పిల్లల్ని పంపిస్తూ అక్కను చూసి నిలబడిపోయింది. మాణిక్యాంబ ఆమె గడ్డం పట్టుకుని తల పైకెత్తింది.

"నా మొహం చూసి మాట్లాడు. నీ పెదాలు కనపడాలి. నాకు వినపడట్లేదని నీకెప్పుడు తెలిసింది?"

"పిఠాపురంలోనక్కా. పాటలో కిందికి దిగిపోతూ నీకు తెలియట్లేదు."

"చెప్పొద్దూ?"

"చెబితే పాడటం మానేస్తావని భయమేసింది."

"మానేసేదాన్నే. మానాలో వద్దో నేను తేల్చుకోవలసింది తాయారూ. నువ్వూ గవర్రాజూ కూర్చుని తేల్చేశారు. ఇన్నాళ్లూ నన్ను పిచ్చిదాన్ని చేసి ఊరూరా తిప్పారు."

గవర్రాజు నన్ను కింద పెట్టి దూరంగా వెళ్లి నిలబడ్డాడు. నేను తాయారు పక్షమే అనుకున్నాను కానీ, అక్క మాటలోనూ తప్పు దొరకలేదు. మనుషుల దగ్గర ఇదే చిక్కు. ప్రేమతో చేసినదాన్ని కూడా తిరగేసి అడుగున ఏముందో చూడాల్సి వస్తుంది.

తాయారు అక్కతో ఇంటికి తిరిగొచ్చింది. కాకినాడలో డాక్టరు చూసి, పోయిన వినికిడి తిరిగి రాదన్నాడు. చెవిలో పెట్టుకునే మిషన్ ఇచ్చాడు. అది పెట్టుకుని మాణిక్యాంబ నన్ను వాయించమని తాయారుకు చెప్పింది. రెండు స్వరాలు విని, నూనె డబ్బా మీద మేకుతో గీకినట్టుందని తీసేసింది. ఆ తర్వాత దాన్ని కూరగాయల బేరానికి తప్ప వాడలేదు.

కొన్ని నెలలు అక్కచెల్లెళ్ల మధ్య అవసరమైన మాటలే నడిచాయి. ఒకరోజు మాణిక్యాంబే తేల్చింది. వచనం తను చెబుతుంది, పాటలు తాయారు పాడాలి. తాయారు వద్దంది. జనం నిన్ను చూడ్డానికొస్తారక్కా అంది. చూడ్డానికి నేనుంటాను, వినడానికి నువ్వుండు అంది అక్క.

ఆ తర్వాత నేను ఎక్కడెక్కడికి వెళ్లానో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. వాళ్లిద్దరూ ఓపిక ఉన్నన్నాళ్లు కథలు చెప్పారు. ఇప్పుడు నేను ఒక సంగీత పాఠశాలలో బీరువా మీద ఉన్నాను. తిత్తి చిరిగింది. చూడ్డానికి వచ్చినవాళ్లు ఇప్పటికీ వేలితో కొట్టి చూస్తారు. చెప్పదలచుకున్నది తాయారు మొదటిసారి పందిట్లో పాడిన రోజు గురించి.

సామర్లకోటలోనే, సొంత ఊళ్లో. తాయారు నన్ను వాయిస్తూనే పాడింది. పాడినంతసేపూ నేను మోగుతున్నాను, కాబట్టి ఆ పాట నేనూ వినలేదు. మాణిక్యాంబా వినలేదు. ఆమె జనం మొహాలు ఒక్కొక్కటే చూస్తూ నిలబడింది. ఆ చూపులో ఏముందో నేను చెప్పలేను. సంతోషమే అని చెబితే మీరు నమ్మకండి.

కథ అయ్యాక తాయారును ఆడవాళ్లు చుట్టుముట్టారు. మాణిక్యాంబ గవర్రాజును పక్కకు పిలిచింది. మా చెల్లెలు ఎలా పాడింది అని అడిగింది. బాగా పాడారండి అన్నాడతను. ఆమె అతని పెదాల వైపే చూస్తూ, మళ్లీ చెప్పు అంది.

గవర్రాజు ఈసారి నెమ్మదిగా, పెదాలు బాగా కదిలేలా చెప్పాడు. "చాలా బాగా పాడారండి. తెల్ల మెట్టు మీంచి వేలు కదపలేదండి."

ఆమె అతని కళ్లలోకి చూసింది. అబద్ధం ఎక్కడైనా ఉందేమోనని వెతికింది. తర్వాత నా దగ్గరకు వచ్చి, తిత్తి మూసి, కొక్కెం పెట్టి, మూత దించింది. గవర్రాజు పరుగున వచ్చాడు. ఆమె అతన్ని ఆగమని చేయి చూపించి, వంగి, నన్ను రెండు చేతులతో ఎత్తుకుంది. నన్ను కొన్న నాటి నుంచి ఆమె నన్ను మోయడం అదే మొదటిసారి. నా బరువుకు ఆమె ఒక్క క్షణం తూలింది. తర్వాత చెల్లెలు నిలబడి ఉన్న వైపు నడిచింది.