పాస్టర్ గారి ప్రశ్నల పెట్టె

"గసాలు పొదుపు చేస్తున్నావేంటే?" అంది అత్తగారు హెర్మీనా, కోడలి భుజం మీదుగా పిండి బల్ల మీదికి తొంగిచూస్తూ. "నేను పాస్టరమ్మగా ఉన్న రోజుల్లో రొట్టె చుట్ట కోస్తే లోపల నల్లగా నిగనిగలాడేది. ఊరంతా చెప్పుకునేవాళ్ళు."

జెల్మీరా పిండి పిసుకుతూ పోయింది. మోచేతుల దాకా పిండిగా ఉంది. శనివారం పొద్దున్న తొమ్మిది కాకముందే చర్చి హాలు తుడిచి, ఆర్గన్ వాయించే ఆయనకి పాటల జాబితా ఇచ్చి, మంచానపడ్డ ముసలాయనకి సూపు పోసి వచ్చింది. రేపు ఆరాధన అయ్యాక హాల్లో కాఫీ, ఆ కాఫీలోకి గసాలు కూరిన రొట్టె చుట్టలు ఆరు. ఇవన్నీ చెయ్యమని ఆమెకి ఎవరూ చెప్పలేదు, నిజమే. చెయ్యకపోతే ఏమనుకుంటారో మాత్రం అందరూ చెప్పారు. ఒకే ఒక్క ఆదివారం జ్వరమొచ్చి, కొట్లో కొన్న బిస్కెట్లు పెట్టింది. ఏడేళ్ళయింది. ఇప్పటికీ "పాస్టరమ్మ బిస్కెట్లు పెట్టిందే, ఆ ఏడు" అని పెళ్ళిళ్ళూ చావులూ గుర్తుపెట్టుకుంటారు.

ఇంతలో ఆమె మొగుడు పాస్టర్ బోహుమిల్ ప్రశ్నల పెట్టె చంకలో పెట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. విశ్వాసం గురించి సందేహాలుంటే పేరు రాయకుండా చీటీ వేయండి, నెలకోసారి జవాబు చెప్తాను అని పాస్టర్ గారు మొదలుపెట్టిన ఏర్పాటు అది. మొదటి నెల పెట్టె తెరిస్తే ఒక చొక్కా గుండీ, ఒక చచ్చిన ఈగ ఉన్నాయి. ఆ పూట మొగుడి మొహం చూడలేక, రెండో నెల జెల్మీరాయే నాలుగు చీటీలు రాసి వేసింది. ఒకటి ఎడమ చేత్తో, ఒకటి ముసలివాళ్ళ వణుకుడు అక్షరాలతో, ఒకటి తప్పులతడకగా. అప్పటినుంచి పదకొండేళ్ళుగా రాస్తూనే ఉంది. మానేద్దామంటే అందుక్కూడా తీరిక దొరకలేదు.

"మనవాళ్ళు ఎంత ఆలోచిస్తున్నారో చూడు!" అన్నాడు బోహుమిల్ మురిసిపోతూ. "'మాటలు రాని పసిబిడ్డకి బాప్తిస్మం ఎందుకు? ఆ బిడ్డకి విశ్వాసం ఉందని ఎలా తెలుసు?' అట. దీనికి మనం ఏం చెప్తాం?"

"బాప్తిస్మంలో బిడ్డ దేవుడికి ఇచ్చేదేం లేదు, దేవుడే బిడ్డకి ఇస్తాడు. ఖాళీ చేతులు చాపడానికి వయసు అక్కర్లేదు," అంది జెల్మీరా పిండి చుడుతూ.

"అదే, అదే." రాసుకున్నాడు. "'ప్రభువు బల్ల రొట్టెలో క్రీస్తు నిజంగా ఉంటాడా, అదొక గుర్తేనా?'"

"నిజంగానే ఉంటాడు. ఎలాగో మనం విప్పి చెప్పలేం. ఆయన మాట ఇచ్చాడు, ఆ మాట చాలు."

అదీ రాసుకున్నాడు. ఇద్దరూ రాజధాని బ్రాటిస్లావాలో ఒకే తరగతిలో వేదాంతం చదివారు. మార్కులు ఎవరికి ఎక్కువ వచ్చాయో ఆయనకీ తెలుసు. వాళ్ళ సంఘంలో ఆడవాళ్ళు పాస్టర్లు కావడానికి అడ్డేమీ లేదు, ఉన్న అడ్డంతా ఈ వంటింట్లోనే. పెద్దపిల్ల కడుపులో ఉండగా "ఇంటికి ఒక పాస్టర్ చాలు, పాస్టరమ్మ లేకపోతేనే ఊరు నడవదు" అంది హెర్మీనా. "అమ్మ మాటలకేం గానీ, తర్వాత చూద్దాంలే" అన్నాడు బోహుమిల్. ఆ తర్వాత అనేది ఇంకా రాలేదు. మనిషికి రక్షణ క్రియల వల్ల కాదు, కృప వల్లనే అని ఆయన ప్రసంగ వేదిక మీద గొంతెత్తి చెప్తాడు, ఇంటికొచ్చి నా తెల్ల కాలరు ఇస్త్రీ కాలేదేం అంటాడు. కృప ఆయనకి ఉచితంగానే దొరుకుతుంది మరి, క్రియలన్నీ ఈవిడ చేస్తూంటే.

ఈ నెల జెల్మీరా ఐదో చీటీ కూడా వేసింది. ఆ ఒక్కటి తన సొంత చేతిరాతతో రాసింది. ఇరవై ఏళ్ళు కాపురం చేసిన మనిషి ఆ రాతని పోల్చుకోలేదు.

"'మంచి పనులు విశ్వాసంలోంచి వాటంతటవే పుడతాయంటారు. మరి ప్రేమతో కాకుండా, జనం నోటికి జడిసి చేసేవి మంచి పనులేనా? వాటిని మానేస్తే పాపమా?'" చదివి బోహుమిల్ నవ్వాడు. "ఇది ప్రశ్న కాదు, సణుగుడు. ఎవరో పనీపాటా లేని ఆవిడ అయ్యుంటుంది." చీటీని ఉండచుట్టి పొయ్యిలో పడేసి, "కాఫీ ఉందా?" అన్నాడు.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. పసిబిడ్డ సంగతీ రొట్టె సంగతీ ఆమెకి తెలుసు. ఇది తెలీదు. ఇది ఎవరైనా తనకి చెప్పాలి. రాత్రీ పగలూ నలుగుతున్న ఒకే ఒక్క నిజమైన సందేహం అది. అయినా కాఫీ పోసి ఇచ్చింది. ఇచ్చినందుకు తన మీద తనకే ఇంకా మండింది.

ఆదివారం హాలు నిండింది. బోహుమిల్ నాలుగు ప్రశ్నలకీ చక్కగా జవాబులు చెప్పాడు. ఖాళీ చేతుల మాట దగ్గర ఇద్దరు ముసలమ్మలు కళ్ళు తుడుచుకున్నారు. "ఇంకెవరికైనా సందేహాలున్నాయా?" అని పుస్తకం మూశాడు. ఎవరూ ఎప్పుడూ అడగరు కాబట్టి, ఆ మాటకి అందరూ కాఫీ కోసం లేస్తారు.

రొట్టె కోస్తున్న జెల్మీరా కత్తి పక్కన పెట్టింది. "నాకుంది, పాస్టర్ గారూ."

మొగుణ్ణి అలా పిలిచేసరికి ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె ఆ ప్రశ్నని ఒక్క మాట పొల్లుపోకుండా అడిగింది.

"కాఫీ చల్లారిపోతోందే," అంది హెర్మీనా.

"చల్లారనివ్వండి అత్తయ్యా."

బోహుమిల్ మొహం కందిపోయింది. "ఇవన్నీ ఇంట్లో మాట్లాడుకుందాం, జెల్మీరా."

"ఇంట్లోనే అడిగాను. నిన్న పొద్దున్న చదివి పొయ్యిలో వేశారు."

బోహుమిల్ పెట్టె వంక చూశాడు, పెళ్ళాం వంక చూశాడు, మళ్ళీ పెట్టె వంక చూశాడు. మిగతా చీటీలు ఎవరివో అప్పుడప్పుడే అర్థమవుతున్నట్టుంది. ఆమెకి జాలేసింది. జాలేసినా, మాట వెనక్కి తీసుకోలేదు.

వెనక వరసలో యుస్తీనా లేచింది. నలభై ఏళ్ళుగా బలిపీఠం మీది గుడ్డలు ఉతికే మనిషి, పాటలకి తప్ప ఆ గోడల మధ్య నోరు విప్పి ఎరగదు.

"మరి జవాబేంటి పాస్టర్ గారూ? మానేస్తే పాపమా, కాదా?"

పదకొండేళ్ళలో ఆ హాల్లో జెల్మీరా రాయకుండా వచ్చిన మొదటి ప్రశ్న అది.