టిక్కు ప్రకారం

మా అమ్మాయి బ్యాండు పాట మూడు వారాలుగా బస్సుల్లో, మంగలి షాపుల్లో మోగుతోంది. అందులో వినిపించే డ్రమ్ము నాదే. ముప్ఫై ఏళ్లు కాలేజీలో లెక్కలు చెప్పినవాణ్ణి. మా ఆవిడ పోయాక గదిలోంచి బయటికి రావడం మానేశాను. సరిగ్గా అప్పుడే వాళ్ల డ్రమ్మరు వెళ్లిపోతే, అమ్మాయి డ్రమ్ము కర్రలు తెచ్చి నా చేతిలో పెట్టింది.

సాధనంతా మా పడగ్గదిలోనే, కిటికీలకు పాత దుప్పట్లు కట్టుకుని. అల్లుడు గిటారు వాయిస్తాడు. నాకు తాళం తెలియదు. అమ్మాయి భుజం లేచిందంటే ఊపిరి తీసుకుంటోందని అర్థం. అది దిగగానే కొట్టేవాణ్ణి. ఆ అడ్డదిడ్డమే జనానికి నచ్చిందట. ఎందుకో నాకిప్పటికీ అంతుపట్టదు.

రేపు స్టేడియంలో మొదటి పెద్ద కచేరీ. ఇవాళ మధ్యాహ్నం అక్కడే రిహార్సలు. సౌండు ఇంజనీరు నా చెవిలో ఇయర్‌ఫోను పెట్టాడు. అందులో ఆగకుండా టిక్, టిక్.

"లైట్లన్నీ దీని ప్రకారమే వెలుగుతాయి అంకుల్. మీరూ దీని ప్రకారమే పోవాలి."

మూడుసార్లు మొదలుపెట్టాం. టిక్కు ఒకటి చెబితే, అమ్మాయి భుజం ఇంకోటి చెప్పింది. మూడోసారి పాట పూర్తికాకముందే లైట్లు ఆరిపోయాయి.

"ఏంటి మామయ్యా, లెక్కల మాస్టారై ఉండి నాలుగు దాకా లెక్కపెట్టలేకపోతున్నారా!" అన్నాడు అల్లుడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"ఇంకోసారి తప్పితే మాత్రం రేపు కచేరీ కంపెనీవాళ్లు పంపిన డ్రమ్మరే కూర్చోవాలండీ," అన్నాడు ఇంజనీరు, మెల్లగానే.

అంతదాకా స్టేజీ పక్కన నిలబడి చూస్తున్న ఆ డ్రమ్మరు, నడివయసు మనిషి, నా దగ్గరికొచ్చాడు. "మాస్టారూ, మూడో చరణం ముందు ఎందుకాగుతారు?"

"అక్కడ అమ్మాయి ఊపిరి తీసుకుంటుంది."

జేబులోంచి కాగితం తీసి రాసుకున్నాడు. అది చూస్తే ప్రాణం కాస్త కుదుటపడింది.

ఇంతలో అమ్మాయి వచ్చి నా స్టూలు పక్కన గొంతుక్కూర్చుంది. "నాన్నా, రేపు..." అని ఆగిపోయింది. గోరు కొరుక్కుంది, అచ్చం వాళ్లమ్మలాగే.

ఆ మాట దాని నోట అనిపించడం నాకిష్టం లేకపోయింది. "రేపు ఆయన్నే వాయించనీ తల్లీ. నేను కింద కూర్చుని వింటాను."

దాని ముఖం ఎర్రబడింది. "నన్ను చెప్పనివ్వకుండా నువ్వే తేల్చేస్తావా?"

"నువ్వనబోయిందే కదా అన్నాను?"

"నేనేం అనబోయానో నీకేం తెలుసు?"

"సరే, చెప్పు మరి."

"ఇప్పుడెందుకులే, వదిలేయ్!" అని విసవిసా మైకు దగ్గరికి వెళ్లిపోయింది.

ఇయర్‌ఫోను తీసి ఆ డ్రమ్మరు చేతిలో పెట్టాను. ఆయన నా అనుమతి అడిగి మరీ స్టూలు మీద కూర్చున్నాడు. నేను ఖాళీ కుర్చీల్లో మొదటి వరసకు దిగిపోయాను.

ఈసారి పాట ఎక్కడా తడబడలేదు. లైట్లు వాటి వేళకు వెలిగాయి, వాటి వేళకు ఆరాయి. అమ్మాయి ఎంత బాగా పాడిందో! ఉండమనబోయిందా, దిగమనబోయిందా? దిగమనబోయి ఉంటే నేను దాని పని తేలిక చేసినట్టు. ఉండమనబోయి ఉంటే... పాట అయిపోయింది. అమ్మాయి మైకు వదలకుండా నా వైపే చూస్తోంది.

చప్పట్లు కొట్టాలో, లేచి వెళ్లి అడగాలో తేల్చుకోలేక, ముందు లేచి నిలబడ్డాను.