సీటు ఎత్తు

గాలి నింపిన ట్యూబును తొట్టిలో ముంచి, బుడగలు ఎక్కణ్ణుంచి లేస్తాయా అని చూస్తూ కూర్చుంది పంచరక్క. తెల్లారిందో లేదో షాపు ముందు ఆడవాళ్ళు సైకిళ్ళతో బారులు తీరారు. అందరివీ ఊదారంగు చొక్కాలే. ఇళ్ళల్లో దెబ్బలు తినే ఆడవాళ్ళ కోసం చేస్తున్న యాత్ర అది. ఇక్కడ మొదలై, ఊరి అవతల అలాంటివాళ్ళు తలదాచుకునే శరణాలయం గుమ్మం దగ్గర ఆగుతుంది. పోగైన చందాలు దానికే.

మొగుడు పోయాక అతని రెంచీలు ఆమె చేతికొచ్చాయి, వాటితోపాటే ఈ పేరూ వచ్చింది. అరచేతి గీతల్లోకి దిగిన గ్రీజు ఏ సబ్బుకీ లొంగదు. వంగీ వంగీ నడుము ఒక పక్కకి ఒరిగింది. పోయినవాడి సంగతి ఎవరైనా ఎత్తితే "మంచివాడే" అంటుంది. చెయ్యి చేసుకున్న రోజుల్ని పక్కన పెడితే మంచివాడే మరి. ఆ రోజుల్లో ఇరుగుపొరుగు ఎవరూ వచ్చి తలుపు తట్టలేదు.

చిల్లు దొరికింది. అతుకు వేస్తూనే మేడమెట్ల వైపు మళ్ళీ చూసింది. చెల్లి ఇంకా దిగలేదు.

చెల్లి అంటే చుట్టం కాదు, షాపు పైగదిలో అద్దెకుండే అమ్మాయి. మొగుడు మిల్లులో రాత్రి పనికి సైకిలు మీద వెళ్ళి, పొద్దున్నే వచ్చి ఒళ్ళు తెలియకుండా పడుకుంటాడు. అతను పడుకోగానే ఆమె దిగివచ్చేది. అతనిది తాడిచెట్టంత ఎత్తు, ఆమె అతని భుజానిక్కూడా రాదు. పంచరక్క అతని సైకిలు సీటు దించి, వెనక క్యారియరు పట్టుకుని సందులో పరిగెత్తేది. అయ్యాక, కడ్డీ మీద మేకుతో గీసుకున్న గుర్తు దాకా సీటు మళ్ళీ ఎత్తేసేది. ఒకరోజు చెప్పకుండా చెయ్యి వదిలేస్తే ఆ పిల్ల మలుపు దాకా తొక్కుకుపోయి నవ్వింది. అంతవరకూ పైనుంచి పంచరక్కకి వినిపించింది ఆ పిల్ల ఏడుపే.

ఇద్దరూ అనుకున్నది ఒకటే. చెల్లి అందరిలో కలిసిపోయి శరణాలయం దాకా తొక్కుతుంది. అందరూ వెనక్కి వస్తారు, తను రాదు. అందుకోసం పంచరక్క పాత సామాన్లు ఏరి ఒక సైకిలు కట్టింది. ఊదా చొక్కా కూడా అడిగి తెచ్చి ఉంచింది.

అంతా నిన్న చెడింది. యాత్రవాళ్ళు గుట్టగా సైకిళ్ళు తెచ్చి పడేశారు. బ్రేకులు, చైనులు, గాలి, ఊపిరాడనంత పని. నేర్పడం అయ్యాక అతని సైకిల్ని మెట్ల కింద పెట్టింది గానీ, సీటు ఎత్తడం మరిచిపోయింది. సాయంత్రం అతను ఎక్కి కూర్చుంటే మోకాళ్ళు హ్యాండిలుకి తగిలాయి. దిగాడు. సీటు వైపు చూశాడు. పనికి పోకుండా మెట్లెక్కాడు. కాసేపటికి పైన రేడియో మోత పెరిగింది. అప్పుడుగానీ పంచరక్కకి గుర్తు రాలేదు.

ఇప్పుడు రెంచీ కింద పెట్టి, మెట్లెక్కి తలుపు తట్టింది.

"ఒంట్లో బాలేదు. మీరు వెళ్ళండక్కా." రోజూ నువ్వు అనే పిల్ల, తలుపు వెనకనుంచి మీరు అంది.

"ఒక్కసారి తలుపు తియ్యమ్మా."

"వద్దు. వెళ్ళండి."

కిందికొచ్చి, మెడలో ఈల వేసుకున్న యాత్ర పెద్దావిడకి చెప్పింది. ఆవిడ పోలీసులకి ఫోను చేసింది. వీలు చూసుకుని వస్తామన్నారు.

"తను బయటికొచ్చి ఒక్క మాటంటే చాలక్కా, అందరం నిలబడతాం. తలుపు బద్దలుకొట్టి తీసుకురాలేం కదా" అంది.

ఆవిడది తప్పని పంచరక్క అనలేదు. ఈల మోగింది. మౌనం వీడుదాం అని అరుచుకుంటూ ఊదా చొక్కాలన్నీ సరిగ్గా పైగది కిటికీ కిందనుంచే సాగిపోయాయి. కిటికీ తెర కదల్లేదు.

వీధి ఖాళీ అయ్యాక చెల్లి మొగుడు సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. నోట్లో నాలుక లేనివాడిలా ఉంటాడు ఎప్పుడూ.

"సీటు కాస్త ఎత్తండి అక్కా. ఎవరో దించారు."

"నేనే దించాను. చెల్లి తప్పేం లేదు."

"తెలుసండీ. అందుకే వేరే చోట ఇల్లు చూసుకున్నాం."

"ఎక్కడ?"

అతను బెల్లు ఒకసారి మోగించి చూసుకున్నాడు, అంతే. పంచరక్క రెంచీ అందుకుంది. దాంతో అతని నెత్తిన ఒక్కటి వెయ్యాలనిపించింది. వేస్తే ఏమవుతుందో తెలుసు, వెయ్యకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. గీత దాకా సీటు ఎత్తి, తన చేత్తోనే బిగించి ఇచ్చింది.

మధ్యాహ్నానికి వ్యాను వచ్చింది. ఉన్న నాలుగు సామాన్లూ ఎక్కించి, పైన సైకిలు కట్టాడు. చెల్లి చివర్న దిగింది, అంత ఎండలోనూ శాలువా కప్పుకుని. షాపు దాటుతూ పంచరక్క వైపు చూడలేదు, గోడవార తనకోసం కట్టి ఉంచిన సైకిలు వైపు చూసింది. డ్రైవరుకీ మొగుడికీ మధ్య ఇరుక్కుని కూర్చుంది. చెల్లీ అని పిలవబోయి పంచరక్క ఆగింది. పిలిస్తే ఆ దెబ్బ ఎవరి మీద పడుతుందో ఆమెకి తెలుసు. వ్యాను మలుపు తిరిగింది. పోలీసులు అప్పటికీ రాలేదు.

సాయంత్రం యాత్రవాళ్ళు అలిసి, నవ్వుకుంటూ తిరిగొచ్చారు. చందాలు అనుకున్నదానికన్నా బాగా వచ్చాయట. పెద్దావిడ మేడ వైపు చూసి, పంచరక్క ముఖం చూసి, తల దించుకుంది.

అందరూ వెళ్ళాక పంచరక్క తొట్టిలో నీళ్ళు పారబోసి, షట్టరు సగం దించి ఆగింది. గోడకి ఆనించిన సైకిలు ఉదయం పెట్టినచోటే ఉంది, హ్యాండిలుకి ఊదా చొక్కా వేలాడుతోంది, సీటు పొట్టి మనిషికి సరిపోయేలా కిందికి దించి ఉంది, రెండు చక్రాల్లోనూ గాలి నిండుగా ఉంది.