గుమ్మడికాయ మీద కత్తి

విత్తనానికి చెనక్కాయలు వలిచే నెల వచ్చిందంటే నాకు పండగే. ఆ నెలంతా మా చిన్నత్త హనుమక్క కథ చెబుతుంది. పేరేసంద్రలోని మా ఇంటి వసారాలో పదిమంది ఆడవాళ్లు చేటలు ముందు పెట్టుకుని కాయలు వలుస్తుంటే, ఆమెకు ఊఁ కొట్టే పని నాది. ఊఁ కొట్టడం ఎవరుపడితే వాళ్లు చేసేది కాదు. ఆలస్యమైతే ఆమెకు కోపం, తొందరపడితే ఇంకా కోపం. కాపురానికి వచ్చిన కొత్తలో నాకు వంట రాదని మా అత్త తల పట్టుకుంది గానీ, ఊఁ బాగా కొడుతుందని చిన్నత్త నన్ను దగ్గరికి తీసింది. పన్నెండేళ్లుగా ఆ ఇంట్లో నాకున్న గౌరవమంతా ఆ ఒక్క అక్షరంతో వచ్చిందే.

అవి యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడుస్తున్నాయి. మా ఆయన చిక్కబళ్లాపురం నుంచి ఒక నోటీసు తెచ్చాడు. అక్కడి డేరా టాకీసులో ‘బంగారు గుమ్మడి’ ఆట. గుమ్మడికాయలో పుట్టిన రాకుమారి కథ. అంటే మా చిన్నత్త కథే! నేను ఎగిరి గంతేసినంత పని చేశాను.

బడి మేష్ట్రు రామచంద్రప్ప వచ్చి మద్రాసు పత్రికలో ఏం రాశారో చదివి వినిపించాడు. “ఇట్లాంటి సినిమా ఈ దేశంలోనే రాలేదంట. నూరు ఏనుగులంట. అద్దాల మేడంట. లక్షలు కుమ్మరించినారంట.”

చిన్నత్త చేతిలోని కాయ వలవడం ఆపింది. “నా కత వాళ్లకెవరు చెప్పినారు?” అని అడిగి, “పాండి, చూసొస్తాం. నాకంటే బాగా చెప్పింటే ఇంక నేను నోరు తెరవను. ఒక కతకు రెండు నోళ్లు ఎందుకు?” అంది.

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆమె మాటంటే మాటే. ఒకసారి మా మామతో ‘నీతో మాట్లాడను’ అని, ఒకే కప్పు కింద నాలుగేళ్లు మాట్లాడకుండా ఉన్న మనిషి.

బస్సు దారిలో రెండుచోట్ల ఆగింది. దిగి తోశాం, చీరలనిండా మసి. అయినా ఎవరికీ విసుగు లేదు. డేరాలో ఆడవాళ్ల వైపు ఇసక మీద ముందు వరస మాదే. దీపాలు ఆరాయి. ఏనుగులు వచ్చాయి. ఒకటి, రెండు, పది, లెక్క తప్పింది. మాతో కాయలు వలిచే చిక్కమ్మ అయితే తొక్కుతాయేమోనని కాళ్లు ముడుచుకుంది. అద్దాల మేడ కనబడగానే నేను తెరిచిన నోరు మూయలేదు.

తెర మీద రాకుమారి “నేనెవరో తెలుసా?” అని ఒక్క క్షణం ఆగింది. ఆగితే నా నోరు ఊరుకుంటుందా? “ఊఁ” అన్నాను, గట్టిగా. మావాళ్లు పకపకా నవ్వారు. రెండోసారి మావాళ్లంతా అన్నారు. మూడోసారి డేరా మొత్తం ఊఁ అంది. చిన్నత్త మాత్రం కిక్కురుమనలేదు. నేను తెరకంటే ఆమె ముఖమే ఎక్కువ చూశాను. ఏనుగు వచ్చినప్పుడల్లా ఆమె కళ్లు పెద్దవయ్యాయి, ఇక కథ చెప్పదేమోనని నాకు భయం.

రాక్షసుడు గుమ్మడికాయను ఎత్తుకుపోయాడు. మా చిన్నత్త కథలో అయితే ఇప్పుడు లోపలున్న రాకుమారి చేతి గాజు పగలగొట్టి, ఆ ముక్కతో లోపలినుంచే కాయను కోసుకుని బయటికి రావాలి. “చూడమ్మా, ఇప్పుడు గాజు పగలగొడతాది,” అని పక్కనున్న చిక్కబళ్లాపురం ఆమెతో గొప్పగా చెప్పాను.

గాజూ లేదు, ఏమీ లేదు. రాకుమారుడు గుర్రం మీద వచ్చి, కత్తి దూసి, ఒక్క వేటుకు గుమ్మడికాయను రెండు చెక్కలు చేశాడు.

చిక్కమ్మ లేచి నిలబడింది. “లోపల పిల్ల ఉండాది కదప్పా! కత్తి ఎట్లేస్తాడు?”

ఆడవాళ్లంతా లేచారు. గుమ్మడికాయ కోసిన చేతులు కదా, కత్తి ఎంత లోతు దిగుతుందో అందరికీ తెలుసు. నాకు అనుమానమే లేదు. “ఇది వేరే కత రీలు! మార్చి వేసినాడు, ఆపండి!” అని అరిచాను. ఆపేదాకా మేం ఊరుకోలేదు.

మిషను నడిపే బైరప్ప రేకు డబ్బాలు చంకన పెట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. “నంబరు చూడండి తల్లీ! ఏడు అయినాక ఎనిమిదే వేసినా.”

“ఎనిమిది ఎవరికి కావల్ల? గాజు రీలు యాడ దాచినావు?” అన్నాను.

బైరప్ప దేవుళ్లందరి మీదా ఒట్లు వేశాడు. మగవాళ్ల వైపునుంచి మేష్ట్రు లేచి, “పత్రికలో కూడా కత్తి అనే రాసినారమ్మా, చానా బాగుండాదని కూడా రాసినారు,” అన్నాడు.

“ఆ పత్రికాయప్ప ఎప్పుడన్నా గుమ్మడికాయ కోసినాడా?” అంది చిక్కమ్మ. డేరా అదిరిపోయింది.

అప్పుడు చిన్నత్త మొదటిసారి నోరు విప్పింది. “ఆడించప్పా బైరప్పా. ఏనుగులు మళ్లీ వస్తాయేమో.”

ఆట మళ్లీ మొదలైనా నేను ఇంక ఊఁ అనలేదు. బయటికి రాగానే అందరం ఆమెను చుట్టుకున్నాం. “ఎట్లుండాది అత్తా?”

“బాగుండాది. నాకంటే బాగుండాది. అన్ని ఏనుగుల్ని నేను యాడనుంచి తెచ్చేది?”

నాకు ఏడుపొచ్చింది. బస్సులో కొంగు ముఖాన కప్పుకుని కళ్లలో మసి పడిందని వంక పెట్టాను.

మర్నాడు పొద్దున వసారాలో చెనక్కాయల చిటపట తప్ప ఇంకో చప్పుడు లేదు. నేను ఉండబట్టలేక, “కత్తి తప్పు కదత్తా?” అన్నాను.

“తప్పే. అయినా బాగుండాది. తప్పు కత బాగుండదని ఎవరు చెప్పినారు?” అని, కాయలు వలుస్తూనే, “నిన్న అన్నిసార్లు ఊఁ అంటివే, కడాకు ఎందుకు మానేసినావు?” అంది.

ఆలోచించాను. “అది నాకోసం ఆగలే అత్తా. నేను ఊఁ అన్నా, అనకపోయినా దాని పాటికి అది పోతానే ఉండాది.”

చిన్నత్త ఒళ్లోని పొట్టు దులుపుకుంది. “నేను అట్ల పోలేను మే యశోదా. నువ్వు ఊఁ అనకుంటే నా కత ఆడనే కూలబడిపోతాది. పన్నెండేళ్లుగా నేనే చెప్తాండా అనుకుంటి. ఇద్దరం చెప్తాండాం. నోరు తెరవనంటి, అది నా ఒక్కదాని కతకు. మనిద్దరి కత గురించి నేనేమన్నా అంటినా?”

వలుస్తున్న చేతులన్నీ ఆగిపోయాయి. ఆమె గొంతు సవరించుకుంది.

“రాక్షసుడు గుమ్మడికాయను ఎత్తుకోని పాయ. వెనకాలనే నూరు ఏనుగులు తరుముకుంటా వచ్చె.”

మా కథలో ఏనుగులు రావడం అదే మొదలు. పన్నెండేళ్లలో మొదటిసారి నా ఊఁ ఆలస్యమైంది. చిన్నత్త కోప్పడలేదు. నాకోసం ఆగింది.