ఏడో నంబరు గదిలో దొంగ

ఊరంతా మేనేజరు అని పిలిచే ఆ పెద్దమనిషి నిజానికి లాడ్జికి సగం యజమాని. మిగతా సగం ఆయన అక్కది. అక్క ఎదురుగా ఆయన నిలబడే తీరు ఒక్కసారి చూసినవాళ్ళెవరూ ఆయన్ని యజమాని అనరు, అనలేదు కూడా.

రైల్వేస్టేషను ఎదురుగా తొమ్మిది గదులు, గదికి రెండేసి మంచాలు, మెట్ల కింద చిన్న ఆఫీసు. తండ్రి కట్టించిన లాడ్జి. కొత్త రోడ్డు ఊరి బయటినుంచి పోయాక, సరుకుల నమూనాలు పట్టుకుని తిరిగే కంపెనీవాళ్ళు రావడం మానేశారు. దిగేవాళ్ళు తగ్గారు, దుమ్ము పెరిగింది. పక్క ఊళ్ళో ఉండే అక్క నెల క్రితం వచ్చి, కుర్చీలో కూచోకుండానే తేల్చి చెప్పింది.

"మందుల కంపెనీ ఆయన గోడౌనుకి అడుగుతున్నాడ్రా. నేను ఇచ్చేద్దామంటున్నా."

"గోడౌనా? నాన్న కట్టించింది మనుషుల కోసం అక్కా."

"మనుషులేరిరా మరి? చూపించు." ఆవిడ ముక్కుసూటి మనిషి. తమ్ముడంటే ప్రాణమే, కానీ ఆ ప్రాణం మాటల్లో బయటపడనివ్వదు. "సరే, బొమ్మలాటల ఉత్సవం వస్తోందిగా. నాలుగు రోజులూ తొమ్మిది గదుల్లోనూ మనుషులుండాలి. ఆఖరి రోజు పొద్దున్న గోడౌను ఆయన టేపు పట్టుకుని వస్తాడు. ఒక్క గది ఖాళీగా కనిపించినా తాళాలు ఆయన చేతిలో పెడతా. తర్వాత ఏడవద్దు."

ఆ ఊళ్ళో ఏటా జరిగే ఆ ఉత్సవానికి ఎక్కడెక్కడినుంచో బొమ్మలాటల బృందాలు వస్తాయి, చూడ్డానికి జనం వస్తారు. వచ్చిన జనం మాత్రం నదివైపున్న పెద్ద హోటళ్ళలో దిగుతారు. అయినా మేనేజరు ఒట్టి అమాయకుడేమీ కాదు. ఉత్సవం ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, ఒక బృందానికి తన లాడ్జిలో బస ఖాయం చేయించుకున్నాడు. వారానికి వాళ్ళ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది.

"మా బృందం వివరాలు: పెద్దావిడ, అన్నదమ్ములిద్దరు, వాయిద్యాల ఆయన, దీపాల ఆయన, బామ్మ, పెళ్ళికూతురు, దర్జీ, సైనికుడు, దొంగ. మొత్తం పదిమందిమి. అందరికీ మంచాలు కావాలి. దయచేసి ఎవరినీ నేలమీద పడుకోబెట్టవద్దు."

మేనేజరు చంకలు గుద్దుకున్నాడు. పదిమందికి అయిదు గదులు. మిగిలిన నాలుగూ చూడవచ్చేవాళ్ళకి వెంటనే బుక్కయిపోయాయి. ఆ తర్వాత ఫోను చేసినవాళ్ళందరికీ, ఎన్నేళ్ళుగానో అనని మాట నోరారా అన్నాడు: "గదులు ఖాళీ లేవండీ." అలా అన్న ప్రతిసారీ కాస్త పొడుగయినట్టు అనిపించింది.

"అన్నీ బావున్నాయి కానీ, దొంగ అని రాసుకున్నారేమిటండీ?" అంది ఆయన భార్య ఉత్తరం చదివి. లాడ్జిలో దుప్పట్ల దగ్గర్నుంచి దిండు గలీబుల దాకా ఆవిడ చేతి మీదే నడుస్తాయి. మడత పెడితే అంచుకి అంచు తప్పదు.

"ముద్దుపేరయ్యుంటుందిలే. నన్ను మేనేజరంటున్నారు, నేను మేనేజర్నా?" అన్నాడాయన. అని, ఎందుకైనా మంచిదని ఆఫీసు బల్లమీది గడియారం తీసి బీరువాలో పెట్టి తాళం వేశాడు.

ఉత్సవానికి ముందురోజు సాయంత్రం వ్యాను ఆగింది. అయిదుగురు దిగారు. తెల్లటి జుట్టు, బక్కపల్చటి ఒళ్ళు, ఉలి పట్టి పట్టి కాయలు కాసిన చేతులు ఉన్న ఆవిడ పెద్దావిడ. బొమ్మలన్నీ ఆవిడ చెక్కినవే. ఆ వెనక ఉంగరాల జుట్టు అన్నదమ్ములు, వాయిద్యాల ఆయన, దీపాల ఆయన. మేనేజరు వ్యానులోకి తొంగిచూశాడు.

"మిగతా అయిదుగురూ రైల్లో వస్తున్నారాండీ?"

"లేదు బాబూ, మాతోనే వచ్చారు. జాగ్రత్తగా దింపాలి," అంది పెద్దావిడ.

అన్నదమ్ములు పొడుగాటి పెట్టెలు దింపి మూతలు తీశారు. లోపల ఎనిమిదేళ్ళ పిల్లంత ఎత్తున్న కొయ్యబొమ్మలు. బామ్మ, పెళ్ళికూతురు, దర్జీ, సైనికుడు, దొంగ. మేనేజరు నోరు తెరిచిన వైనం చూస్తే దర్జీ బొమ్మే నయమనిపించింది, దానికి కనీసం దవడ మూసుకునే దారం ఉంది.

తప్పు పెద్దావిడది కాదు. వాళ్ళ బృందంలో బొమ్మల్ని లెక్కపెట్టకుండా మనుషుల్ని లెక్కపెట్టే అలవాటే లేదు. పెట్టెలో ఉంచితే చెమ్మకి కీళ్ళు బిగుసుకుంటాయి. నేలమీద పెడితే ఎలుకలు దారాలు కొరుకుతాయి. అందుకని ఎక్కడ దిగినా మంచం మీదే పడుకోబెడతారు, మంచాలకి డబ్బూ కడతారు. నలభై ఏళ్ళుగా ఆవిడ అలాగే రాస్తోంది, ఇంతవరకూ ఎవరూ పొరబడలేదట. అది విని మేనేజరు ఇంకాస్త కుంగిపోయాడు.

అన్నదమ్ములకి ఒక గది, వాయిద్యాల ఆయనకీ దీపాల ఆయనకీ ఒకటి, పెద్దావిడకీ బామ్మ బొమ్మకీ ఒకటి. ఆరో నంబరులో పెళ్ళికూతురు, దర్జీ. ఏడో నంబరులో సైనికుడు, దొంగ. అంటే రెండు గదుల్లో మనిషన్నవాడు లేడు.

"పుట్టి మునిగిందే," అన్నాడు ఆఫీసులోకి వచ్చి, తల పట్టుకుని. తను కాదన్నవాళ్ళందరికీ మళ్ళీ ఫోన్లు చేశాడు. అందరికీ ఎక్కడో ఒకచోట గదులు దొరికేశాయి. కాలుగాలిన పిల్లిలా వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ తిరగడం మొదలుపెట్టాడు.

భార్య మాత్రం తిరగలేదు. తిరగడం వల్ల పనులయ్యేట్టయితే ఆవిడ పెళ్ళయినప్పట్నుంచీ తిరుగుతూనే ఉండేది.

మర్నాడు పొద్దున్న ఆరింటికి పెద్దావిడ గదుల తలుపులు బార్లా తెరిచి, బొమ్మల్ని ఒక్కొక్కదాన్నీ లేపింది. లేపడం అనే అంటారు వాళ్ళు. దారం దారం వేళ్ళమధ్య జార్చి చూస్తుంది, కీలు కీలు కదిపి చూస్తుంది. ఆ చేతుల పనితనం చూసి తీరాలి. ఒక్క చిటికెన వేలు కదిపితే పెళ్ళికూతురు తల వాల్చి, అంతలోనే దొంగచూపు చూసింది. కాఫీ కోసం దిగివచ్చిన అతిథులు కప్పులు పట్టుకుని అక్కడే ఆగిపోయారు. ఒకాయన పళ్ళు తోముకుంటూ వచ్చి, ఉమ్మడం మర్చిపోయి నిలబడ్డాడు. వాళ్ళంతా ఆ సాయంత్రం డబ్బిచ్చి చూడబోయే ఆట అదే. కానీ అక్కడ వేదిక దూరంగా ఉంటుంది, దీపాల వెలుగుంటుంది. ఇక్కడ మూరెడు దూరంలో, ఆ బొమ్మ నిద్ర లేస్తోంది. మేనేజరు భార్య కళ్ళు మాత్రం బొమ్మ మీద లేవు. చూస్తున్నవాళ్ళ మొహాల మీద ఉన్నాయి.

"ఏమండీ," అంది ఆఫీసులోకి వచ్చి. "ఇన్నేళ్ళూ మనం ఉత్సవానికి వచ్చేవాళ్ళకి మంచాలిద్దామని చూశాం. మంచాలు అందరి దగ్గరా ఉన్నాయి. పెద్ద హోటళ్ళలో మెత్తటివి కూడా ఉన్నాయి. ఆ బొమ్మలు ఎవరి దగ్గరున్నాయి?"

"మన దగ్గరే. మన కొంప ముంచడానికి."

"అబ్బ, వినండి ముందు. ఉత్సవం అక్కడ, పడక ఇక్కడ అన్నట్టు ఉంటే మన దగ్గరికెందుకొస్తారు? ఉత్సవం ఇంట్లోకొచ్చి పడుకుంటే దుప్పటి కప్పి, తలుపు మూసి కూచుంటామా?"

నేరుగా పెద్దావిడ దగ్గరికి వెళ్ళింది. రెండు గదుల్లో రాత్రి మనుషుల్లేరు, ఎలుకల భయం లేదా అని అడిగింది. ఉందమ్మా, రాత్రి రెండుసార్లు లేచి చూశానంది పెద్దావిడ. అయితే ఆ గదుల్లో కాపలాగా ఒక్కో అతిథిని పడుకోబెడతాను, పొద్దున్న వాళ్ళచేత మీ చేతులతో ఒక్కసారి దారం పట్టిస్తారా అని అడిగింది. పెద్దావిడ ఆవిడ మొహంలోకి చూసి, "ఇంత తెలివిని దుప్పట్లు మడవడానికే వాడుతున్నావా తల్లీ?" అంది. ఆ మాట వరండాలో ఉన్న మేనేజరుకి వినిపించింది. సిగ్గేసింది, గర్వమూ వేసింది. ఏది ముందు వేసిందో ఆయనకే తెలీదు.

మంచాలు సర్దారు. పెళ్ళికూతురు, దర్జీ ఆటలో తండ్రీకూతుళ్ళు కాబట్టి ఒకే మంచం మీద సర్దుకున్నారు. సైనికుడు బామ్మ కొడుకే, కాబట్టి ఆవిడ పక్కకి చేరాడు. దొంగ విషయంలో మాత్రం పెద్దావిడ ఒప్పుకోలేదు. వాడికి ఇరవై రెండు దారాలు. పక్కన ఎవరున్నా చిక్కుపడతాయి. ఏడో నంబరులో ఒక మంచం వాడిది, రెండోది ఖాళీ.

ఉత్సవ మైదానం గేటు దగ్గర మేనేజరు భార్య చేత్తో రాసిన కాగితం అంటించింది: "బొమ్మలు నిద్రపోయే లాడ్జి. పొద్దున్న ఆరింటికి లేస్తాయి. కాపలాకి మనుషులు కావలెను." మధ్యాహ్నానికల్లా ఆరో నంబరుకి ముగ్గురు పోటీపడ్డారు. నది ఒడ్డు హోటల్లో గది వదులుకుని, పెట్టె ఈడ్చుకుంటూ ఒక పంతులమ్మ వచ్చింది. ఆవిడ దర్జీకీ పెళ్ళికూతురికీ గుడ్ నైట్ చెప్పి పడుకుందట. రెండో పొద్దున వరండాలో నిలబడ్డానికి చోటు లేదు. పెద్ద హోటళ్ళవాళ్ళు కూడా తమ అతిథుల్ని వ్యాన్లలో పంపారు. కాఫీ కాచి కాచి మేనేజరు భుజాలు పడిపోయాయి. పాత అతిథులు ఇంకో రెండు రోజులుంటామన్నారు. వచ్చే ఏటికి ఇప్పుడే రాసుకోమని ఒకాయన వెంటపడ్డాడు. భార్య కొత్త నోటుబుక్కు తెరిచింది.

ఒక్క ఏడో నంబరే మొండికేసింది. దొంగబొమ్మ కళ్ళు మూసుకోవు. గదిలో ఏ మూల నిలబడ్డా మిమ్మల్నే చూస్తున్నట్టుంటాయి, అంత గొప్పగా చెక్కింది ఆ మహాతల్లి. మొదటి రాత్రి పడుకున్న కుర్రాడు అరగంటలో దిండు చంకన పెట్టుకుని బయటికొచ్చాడు. రెండో రోజు ఒక లావుపాటి ఆయన గడప దాకా వచ్చి, దొంగ మొహం చూసి, నడుము నొప్పి గుర్తొచ్చిందన్నాడు.

మూడో రోజు మధ్యాహ్నం అక్క దిగింది, పెట్టెతో సహా.

"రిజిస్టరు తీయరా."

తీశాడు. ఏడో నంబరు దగ్గర ఏదో ఒక పేరు రాసేస్తే గొడవే లేదని పొద్దున్నించీ మనసు పోరుతూనే ఉంది. రాయలేకపోయాడు. తండ్రి కూచున్న కుర్చీ అది.

"ఏడులో ఎవరు?"

"దొంగ."

"ఏంటి?"

"బొమ్మక్కా. మనిషి లేడు." మొత్తం చెప్పేశాడు. ఉత్తరం, పదిమంది, తన తెలివితక్కువతనం, భార్య తెలివి, అన్నీ. "ఎనిమిది గదులు నిండాయి. తొమ్మిదోది నిండలేదు. నువ్వన్నమాట నువ్వన్నావు, నేను కాదనను. కానీ ఒక్కసారి పొద్దున్న ఆరింటికి వరండాలో నిలబడి చూడు. నాన్న ఉంటే..." రిజిస్టరు ఆవిడ వైపు తోశాడు.

అక్క చెమట తుడుచుకుంది.

"ప్రయాణం చేసొచ్చాను. నడుం వాల్చాలి. నాకేదిరా మంచం?"

మేనేజరు భార్య తాళం చెవి బల్లమీద పెట్టింది. "ఏడో నంబరులో ఒకటుంది వదినా. మీకు భయమేస్తే వద్దులెండి."

"భయమా? నాకా?" అంది అక్క. అరవయ్యేళ్ళలో ఆవిడకి భయమేస్తుందేమోనని అడిగిన మొదటి మనిషి మరదలే. తాళం లాక్కుని, పెట్టె పట్టుకుని విసవిసా వెళ్ళింది.

నాలుగో పొద్దున ఆరింటికి మేనేజరు కాఫీ పట్టుకుని ఏడో నంబరుకి వెళ్ళేసరికి తలుపు తెరిచే ఉంది. వరండా నిండా జనం. లోపల అక్క నిలబడి ఉంది, జుట్టు కూడా దువ్వుకోకుండా. పెద్దావిడ వెనకనించి ఆవిడ చేతులు పట్టుకుని వేళ్ళు సర్దుతోంది. అక్క వేలు కదిపింది. దొంగ నెమ్మదిగా లేచి కూచుని, ఒళ్ళు విరుచుకుని, అచ్చం మనిషిలా అక్క మెడలో గొలుసువైపు చెయ్యి చాచాడు. వరండా అంతా నవ్వులతో గొల్లుమంది. అక్క నవ్వింది. పళ్ళన్నీ కనిపించేలా, చిన్నప్పుడు నాన్న భుజాలెక్కి నవ్వినట్టు నవ్వింది. తమ్ముడు ఆ నవ్వు మర్చిపోయి ఎన్నేళ్ళయిందో. చేతిలో కాఫీ తొణికి కాలిమీద పడ్డా కదల్లేదు.

సరిగ్గా అప్పుడే జనాన్ని తోసుకుంటూ గోడౌను ఆయన వచ్చాడు, చేతిలో టేపుతో. "నమస్కారమండీ. ఇంత జనమేమిటి? సరే, గదులు కొలుచుకుంటాను. ఏడోది ఖాళీ అని ఎవరో అన్నారు, అక్కడినుంచే మొదలుపెడతా."

మేనేజరు భార్య తలుపుకి ఆనుకుని నిలబడింది.

అక్క దారాలు వదల్లేదు. తలైనా తిప్పకుండా అంది.

"గదులు ఖాళీ లేవండీ. ఏడులో నేనున్నాను."