గడప దాటిన ఇనప్పెట్టె

జయంతి రోజూ ఆరింటికి లేచి పాలు స్టవ్ మీద పెట్టేది. అవి కాగేలోపు భర్త దామోదర్‌తో కలిసి పెట్టె మోసేది. రాత్రి వంటింట్లో పెట్టిన ఇనప్పెట్టె తెల్లారేసరికి వీధి తలుపు దగ్గర ఉండేది. చెరో కడియం పట్టుకుని వెనక్కి తెచ్చాక ఇద్దరూ ఆఫీసులకి బయల్దేరేవాళ్ళు.

అమెరికాలో, షాంటిలీలో ఆ పాత ఇల్లు కొన్న నెలకి, వంటింటి గోడ పగలగొట్టిస్తే దొరికిందది. నిండా బంగారు నాణేలు. "తలుపు వైపు నడుస్తుంది, కాళ్ళు జాగ్రత్త," అని మాత్రం చెప్పి కాంట్రాక్టర్ వెళ్ళిపోయాడు.

"ఏం చేద్దాం దీన్ని?" అని జయంతి అడిగితే, "ఏం చెయ్యక్కర్లేదు, ఉండనీ," అన్నాడు దామోదర్.

ఎదురింటి వెంకటస్వామి కూతురు అనికకి పదిహేనేళ్ళు. గుండెకి సర్జరీ చెయ్యాలన్నారు. ఇన్సూరెన్స్ వాళ్ళు రెండుసార్లు కాదన్నారు. ఓ ఆదివారం వెంకటస్వామి వీళ్ళ హాల్లో కూర్చుని కళ్ళు తుడుచుకుంటే, దామోదర్ అతని భుజం తట్టి, "దేవుడున్నాడన్నా," అన్నాడు. పక్కగదిలో పెట్టె ఉంది. జయంతికి ఒళ్ళు మండిపోయింది. అయినా లేచి వెంకటస్వామికి కాఫీ కలిపి తెచ్చింది. అది ఇంకా మండించింది.

మర్నాడు వృద్ధాశ్రమానికి వెళ్ళింది, ఇల్లమ్మిన రూత్ దగ్గరికి. పెట్టె మాట వినగానే ఎనభై రెండేళ్ళ రూత్ మొహం ఎర్రబడింది.

"ఇంకా నడుస్తోందా? మేం యూదులం. శుక్రవారం సాయంత్రం కొవ్వొత్తులు వెలిగించాక మా నాన్న కథ చెప్పేవాడు. ఏలీయా ప్రవక్త ఓ పేదవాడికి ఏడేళ్ళకని సంపద ఇచ్చాడట. గడువు తీరి తిరిగి అడిగితే, ఆ ఇల్లాలు 'మాకంటే బాగా పంచేవాళ్ళు దొరికితే ఇచ్చెయ్యండి' అందట. ఆయన దాన్ని వాళ్ళ దగ్గరే ఉంచేశాడట. ఎంత బాగా చెప్పేవాడో! పెట్టెని మాత్రం గడప దాటనివ్వలేదు. మా అక్క లేయా గుండెజబ్బుతో మంచంలో ఉంది. వైద్యానికి డబ్బెక్కడిదన్నాడు. పెట్టె ఆగట్లేదని చుట్టూ గోడ కట్టాడు. ఇటుకలు అందించింది నేనే. పదేళ్ళదాన్ని. ఆ ఏడే అక్క పోయింది."

"మీకు తెచ్చివ్వనా?"

"నాకెందుకు? తలుపు తియ్యి!"

మర్నాడు పొద్దున దామోదర్ కడియం పట్టుకుని పిలిచాడు. "రా, అటు పట్టు."

"పట్టను."

"ఏమైంది నీకు? రేపు నా జాబ్ పోతే? వీసా పోతే?"

"పోతే పోనీ. ఇంట్లో ఇంత పెట్టుకుని ఆ మనిషితో దేవుడున్నాడంటావా? సిగ్గులేదా? నాకూ లేదు, ఇన్నాళ్ళూ మోశాను!"

తలుపు బార్లా తీసింది. దామోదర్ ఒక్కడూ ఎంత లాగినా పెట్టె ఆగలేదు. మెట్లు దిగి, లాన్ దాటి, రోడ్డెక్కింది. స్కూల్ బస్సు ఎర్రలైట్లు వేసి ఆగింది. వెంకటస్వామి తలుపు తీసి, వాకిట్లోని చెప్పులు పక్కకి జరిపి దారిచ్చాడు. "అది నాది!" అని దామోదర్ చెప్పుల్లేకుండా పరిగెత్తబోతే, జయంతి అతని చొక్కా పట్టుకుని, చిరిగినా వదల్లేదు.

జూన్‌లో సర్జరీ అయింది. దామోదర్ ఇప్పటికీ ఆమెతో మాట్లాడడు. ఆగస్టులో జయంతి అనికని తీసుకెళ్ళి రూత్‌కి చూపించింది. రూత్ ఆ పిల్లని దగ్గరికి లాక్కుని ఛాతీకి చెవి ఆనించి చాలాసేపు వింది. తర్వాత పిడికిళ్ళు బిగించి, చిన్నప్పటి యిడ్డిష్ భాషలో చనిపోయిన తండ్రిని తిట్టడం మొదలుపెట్టింది. నర్సు పరిగెత్తుకొచ్చింది.

"తిట్టనివ్వండి," అంది జయంతి.