ముసలమ్మ ఆఖరి మునక

ఎల్-12 అని ఆ జలాంతర్గామికి నౌకాదళం పెట్టిన పేరు. అందులో పనిచేసినవాళ్లెవరూ ఆ పేరుతో పిలిచిన పాపాన పోలేదు. ముసలమ్మ అనేవారు. కట్టి పదేళ్లు కూడా కాలేదు గానీ, నీళ్ల కింద తిరిగే ఇనుముకు వయసు తొందరగా మీద పడుతుంది. అతుకుల దగ్గర చెమట పట్టేది. ఇంజిను దగ్గేది. మూత గట్టిగా బిగించాలంటే ఇద్దరు వేలాడాలి.

ఆమె పడ్డ పాట్లు చిన్నవి కావు. యుద్ధంలో శీతకాలం అట్లాంటిక్ దాటి అజోర్స్ దీవులకు పోతుంటే తుపానులో, ఆమెను లాగుతున్న ఓడ తాడు తెగింది. పోయిందనుకుని అందరూ టోపీలు తీశారు. వారం తిరక్కుండా ఒళ్లంతా ఉప్పు పూసుకుని తనంతట తానే రేవులోకి వచ్చింది. ఐర్లండ్ పక్కన కాపలా తిరుగుతుంటే సొంత దేశపు ఓడే శత్రువనుకుని బాంబులు జారవిడిచింది. లోపల దీపాలు పగిలాయి, వంటగదిలో గుడ్లన్నీ పగిలాయి, మనుషులకు మాత్రం ఏమీ కాలేదు. మొత్తం కొలువులో శత్రువుల పడవ ఒక్కటీ ముంచలేదు. తనవాళ్లలో ఒక్కణ్ణీ పోగొట్టుకోలేదు. మొదటి మాటకు ఇతర పడవలవాళ్లు నవ్వేవారు. రెండో మాట చాలని సిబ్బందికి పెద్దయిన చీఫ్ ఓరిన్ బ్యాకస్ అనేవాడు.

బ్యాకస్ ఆ పడవ మొదటి మునక నుంచీ ఉన్నవాడు. మంచి కండ, అంతకన్నా మంచి పొట్ట. ఆఫీసర్లు వచ్చేవారు, పోయేవారు. మనుషుల మంచిచెడ్డలు మాత్రం ఆయనవే. యుద్ధం ముగిసిన మూడేళ్లకు ముసలమ్మను ఫిలడెల్ఫియా తీసుకుపోయి ముక్కలు చేయమని ఉత్తర్వు వచ్చింది. పోయేముందు గ్రోటన్ రేవు బయట ఒక్కసారి మునిగి తేలాలి. ఆ ఒక్క మునకా సవ్యంగా అయితే, ఎవరినీ మింగని పడవగానే పోతుంది. బ్యాకస్‌కు కావలసింది అంతే.

ఆ మునకకు ఆజ్ఞలిచ్చేది కొత్తగా వచ్చిన లెఫ్టినెంట్ ప్రెంటిస్ లూమిస్. కుర్రవాడు. ముసలమ్మకు ఆఖరి మునక, అతనికి మొదటిది.

ఇక్కడ ఒక ఆనవాయితీ చెప్పాలి. జలాంతర్గామి నీళ్ల కింద త్రాసులాంటిది. ముక్కులో ఒక ట్యాంకు, తోకలో ఒక ట్యాంకు ఉంటాయి. ఆ నీళ్లను అటూ ఇటూ తోడి తూకం నిలబెట్టాలి. లావుపాటి మనిషి ఒకడు ఈ కొస నుంచి ఆ కొసకు నడిచినా ముల్లు కదులుతుంది. కొత్త ఆఫీసరు మొదటిసారి పడవను ముంచేటప్పుడు సిబ్బంది బూట్లు విప్పి పిల్లుల్లా ముక్కువైపు చేరతారు. ముక్కు వాలుతుంది. పాపం ఆయన నీళ్లు తోకకు తోడిస్తాడు. సరిపోయిందనుకునేసరికి అందరూ తోకలో ఉంటారు. తోక వాలుతుంది. ఆయన చొక్కా తడిసిపోయాక ఎవడో కిసుక్కుమంటాడు. అప్పుడు కాఫీ, నవ్వులు, భుజాలు తట్టుకోవడం. ఆ రోజు నుంచి ఆయన మనవాడు.

ఈ ఊరేగింపుకు బ్యాకసే పెద్ద. ఈసారి మాత్రం ఆయన భార్య లవీనియా అడ్డుపడింది.

"ఆ అబ్బాయిని చర్చి దగ్గర చూశాను. మెడ ఇంకా కాలరంతైనా లేదు. వాణ్ణి ఏడిపించకు ఓరిన్" అంది.

"ఏడిపించడమేంటి, ఆట."

"ఆటే. ఆ ముసలిదాని ఆఖరి రోజున ఆడకపోతే నీ మీసం ఊడిపోదులే."

ఆఖరి రోజు అన్న మాట ఆయనకు గుచ్చుకుంది. పొద్దున రేవు దగ్గర మనుషుల్ని పోగేసి, "ఇవాళ ఆట లేదు. ఎవడి చోట వాడు నిలబడాలి" అన్నాడు.

వంటవాడు టియర్నీ ముఖం మాడ్చుకున్నాడు. "నేను కొత్త మేజోళ్లు తొడుక్కొచ్చాను చీఫ్. చప్పుడు రాకుండా."

"వాటితోనే కూర వండు."

లోపలికి దిగేసరికి లెఫ్టినెంట్ అప్పటికే వచ్చి ఉన్నాడు. తోకవైపు నుంచి వస్తూ చొక్కా చేయి పిండుకుంటున్నాడు. "చూసి వస్తున్నాను చీఫ్, అంతా" అన్నాడు. ముఖంలో ఏదో సంబరం. మొదటిరోజు ఉత్సాహం అనుకుని బ్యాకస్ వదిలేశాడు.

ఎండ బాగా కాస్తోంది. రేవు దాటి లోతు నీళ్లలోకి వచ్చాక మూతలు బిగించారు, ఇంజిను ఆపి మోటార్లు వేశారు. ముసలమ్మ మూలుగుతూ దిగింది. కొంత దిగేసరికి తోక వాలడం మొదలైంది.

లెఫ్టినెంట్ ముల్లు చూసి నవ్వాడు.

"చీఫ్, మీవాళ్లను ఎవరి చోటికి వాళ్లను రమ్మనండి."

"ఉన్నారు సార్."

"ఉన్నారా. సరే, నాకేం తొందరలేదు. కొన్ని కథలు నా చెవినీ పడ్డాయి చీఫ్."

"ఇవాళ ఏ కథా లేదు సార్. తోక నిజంగానే దిగుతోంది. నీళ్లు ముందుకు తోడించండి."

"తోడగానే అందరూ ముక్కువైపు పరిగెత్తుతారు, అంతేగా" అని లెఫ్టినెంట్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

బ్యాకస్‌కు అనుమానం మనుషుల మీదకు పోయింది. టియర్నీ మాట వినకుండా గుంపును కూడగట్టి ఉంటాడు. గట్టిగా ఊపిరి పీల్చుకుని తోకవైపు నడిచాడు. అంత పొట్టా తోకవైపే నడిచింది. ముల్లు ఇంకాస్త వాలింది. అది చూసి లెఫ్టినెంట్‌కు ఉన్న కాస్త సందేహమూ తీరిపోయింది.

"ఎవడ్రా ఇక్కడ ఊరేగింపు కట్టింది?" అని బ్యాకస్ మోటార్ల గదిలో తల దూర్చాడు.

మోటార్ల దగ్గర ఉండాల్సిన ఇద్దరే ఉన్నారు. "మేమే చీఫ్. ఇంకెవరూ రాలేదు. ఏం, తోక బరువుగా ఉందా?"

ఆయన వెనక్కి తిరిగి పరుగెత్తాడు. వంటగది దగ్గర టియర్నీ బంగాళాదుంపల మధ్య కూర్చుని ఉన్నాడు, కాళ్లకు బూట్లున్నాయి. ఆట ఎవరూ ఆడటం లేదని బ్యాకస్‌కు తెలిసిపోయింది. లెఫ్టినెంట్ దగ్గరకు చేరేలోపే తోక నేలకు తగిలింది.

తగిలిన చప్పుడేమీ రాలేదు. మెత్తగా కూర్చుంది. ప్రొపెల్లర్లు బురదలో తిరిగి గురగురమన్నాయి, కాలిన రబ్బరు వాసన వచ్చింది, మోటార్లు ఆపేయాల్సి వచ్చింది.

లెఫ్టినెంట్ ముఖంలో నవ్వు లేదు. పడవను తేల్చే ట్యాంకుల్లోకి గాలి వదలమన్నాడు. గాలి బుసకొట్టింది. ముక్కు లేచింది, తోక లేవలేదు. పడవ కొండదారిలా ఏటవాలుగా అయింది. గ్లాసులు దొర్లాయి, టియర్నీ బంగాళాదుంపలు గదులన్నీ దాటి పోయాయి. ఇంకొంచెం లేస్తే బ్యాటరీల్లో ఆసిడ్ ఒలుకుతుంది. అది ఉప్పునీళ్లతో కలిస్తే వచ్చే విషపు పొగ ముందు బురద ఎంతో నయం.

"ఆపండి సార్" అన్నాడు బ్యాకస్.

ఆపారు. గాలి సీసాల్లో ఇక ఒక్కసారి గట్టిగా ఊదడానికి సరిపడేంతే మిగిలింది. అతుకుల దగ్గర నీటిచుక్క పడే చప్పుడు వినిపిస్తోంది. తుపాను తినలేదు, బాంబులు తినలేదు, ఇంటి గుమ్మంలో ఈ బురద తింటుందా అని బ్యాకస్ అనుకున్నాడు. పరువు సంగతి చూసుకునే వేళ కాదది.

"సార్, ఒకమాట చెప్పాలి. మీరు విన్న కథ నిజమే. ప్రతి కొత్త ఆఫీసరునూ ఆడిస్తాం. మొదట ముక్కువైపు నడుస్తాం, తర్వాత తోకవైపు. మిమ్మల్ని మాత్రం వదిలేశాం. మా ఆవిడ వద్దంది."

లెఫ్టినెంట్ ముల్లు వదిలి ఆయన వైపు తిరిగాడు.

"ముక్కువైపు... నడవలేదా?"

"ఒక్కడూ నడవలేదు."

కుర్రవాడి ముఖం పిండిముద్దలా తెల్లబడింది. "అయితే చీఫ్, నేను పొద్దున్నే వచ్చి తోక ట్యాంకులో అదనంగా నీళ్లు పట్టాను. నా చేత్తోనే. మీరందరూ ముక్కువైపు నడిచినా పడవ చెక్కుచెదరకుండా ఉండాలని. అప్పుడు మీరు తెల్లమొహాలు వేస్తే చూద్దామని. తోక వాలేసరికి, ముక్కువైపు ఆట పారక అందరూ తోకకు వచ్చేశారనుకున్నాను."

వంటగది వైపు నుంచి టియర్నీ గొంతు వినిపించింది.

"చీఫ్, తప్పుగా అనుకోకండి. ఇక మీదట మీ ఆవిడ మాట వినకండి."

ఎవడో నవ్వాడు. ఆ నవ్వు అంటుకుని ముందు గది దాకా పోయింది. భయం మధ్యలో వచ్చిన నవ్వు కాబట్టి కొంచెం వింతగానే ఉంది. అయినా దానితో అందరి ఒళ్లూ వదులయ్యాయి. ఏం జరిగిందో తెలిసింది. తెలిస్తే ఏం చేయాలో తెలుస్తుంది.

ట్యాంకుల్లోని గాలి కొంత వదిలి ముక్కును దించారు. పంపు పెట్టి తోక నీళ్లను ముక్కుకు తోడారు. తూకం సరిపోయింది, కానీ బురద వదల్లేదు. జలగలా పట్టుకుంది.

లెఫ్టినెంట్ బ్యాకస్ వైపు తిరిగాడు. "ఇప్పుడేం చేద్దామంటారు?"

"ఆడదాం సార్."

"ఏమిటీ?"

"ఆ ఆటే. ఇన్నాళ్లూ పిల్లుల్లా ఆడాం, ఇప్పుడు గిత్తల్లా ఆడదాం. అందరం ముక్కుకు, అందరం తోకకు. ఊపితే బురద వదులుతుంది. ముక్కు వాలి తోక పైకి తన్నినప్పుడు మీరు గాలి ఊదించండి."

లెఫ్టినెంట్ గాలి కవాటం దగ్గర నమ్మకస్తుణ్ణి నిలబెట్టి, చేయి ఎత్తగానే తిప్పమని చెప్పి, తన కోటు విప్పాడు. "నేనూ పరిగెత్తుతాను."

"బూట్లు ఉంచుకోవచ్చా చీఫ్?" అన్నాడు టియర్నీ.

"ఇవాళ ఉంచుకోవచ్చు."

బ్యాకస్ చప్పట్లు చరిచాడు. ఆ ఇరుకు గొట్టంలో వంగి, గుమ్మాలకు తలలు కొట్టుకుంటూ, బంగాళాదుంపలు తొక్కుకుంటూ అందరూ ముక్కుకు పరిగెత్తారు. మళ్లీ తోకకు. మళ్లీ ముక్కుకు. మొదట పడవ పట్టించుకోలేదు. తర్వాత చిన్నగా తల ఊపింది. బ్యాకస్ రొప్పుతూ చప్పట్లు కొడుతూనే ఉన్నాడు. ఆయన పొట్ట వల్ల జీవితంలో ఒక ప్రయోజనం ఉందంటే అది ఆ రోజే. ఇంకోసారి ముక్కుకు వచ్చి అందరూ ఒకరి మీద ఒకరు పడేసరికి, వెనకాల ఎక్కడో, దూడ పొదుగు వదిలినట్టు పెద్ద చప్పుడైంది.

లెఫ్టినెంట్ చేయి ఎత్తాడు. గాలి అరిచింది. లోతు ముల్లు వణికి, ఆగి, వెనక్కి తిరగడం మొదలుపెట్టింది. అందరూ పడ్డచోటే పడి ఆ ముల్లునే చూస్తున్నారు. కిటికీ గాజులో నీళ్లు నల్లగా, ఆకుపచ్చగా, ఆ తర్వాత తెల్లగా అయ్యాయి.

మూత తీస్తే ఎండ లోపల పడింది. ఇంత గాలి ఎక్కడ దాచారన్నట్టు ఒక్కొక్కడూ నోరు తెరుచుకుని పైకి వచ్చాడు. బ్యాకస్ మెట్ల పక్కన నిలబడి ఎక్కిన ప్రతి వీపునూ తట్టాడు. ఆఖరివాడు ఎక్కాక గానీ తాను ఎక్కలేదు. అందరూ ఉన్నారు. పక్కన ఆల్చిప్పలు పట్టే పడవలో ముసలాయన పైపు నోట్లోంచి తీసి, బురదమయమైన తోకను చూశాడు.

"దున్నుకొస్తున్నారా బాబూ?" అని అడిగాడు.

"ఒక చాలు వేశాం" అన్నాడు టియర్నీ.

లెఫ్టినెంట్ పైన, మూత పక్కన కూర్చున్నాడు. "పైవాళ్లకు ఏం చెప్పను చీఫ్?"

"జరిగిందే చెప్పండి సార్. నా వాటా కూడా చెప్పండి. నాలుగు చీవాట్లు పెడతారు, ఆ తర్వాత తలుపు మూసుకుని నవ్వుకుంటారు. మిమ్మల్ని తిట్టే ఆఫీసరును కూడా ఒకప్పుడు ఎవరో ఇలాగే ఆడించి ఉంటారు."

టియర్నీ కాఫీ తెచ్చాడు. మొదటి కప్పు లెఫ్టినెంట్‌కే ఇచ్చి, భుజం తట్టాడు. అది ఆనవాయితీ.

రేవులో కట్టేశాక బ్యాకస్ ఎవరికీ చెప్పకుండా బకెట్టు, చీపురు తీసుకుని తోక మీదకు పోయాడు. బురదంతా తన చేత్తోనే కడిగాడు. కడుగుతూ ఏదో గొణిగాడట గానీ ఎవరికీ వినపడలేదు. ఇంటికి చేరేసరికి లవీనియా బీన్స్ వండి, నల్లరొట్టె కోసి పెట్టింది.

"ఆ అబ్బాయిని ఏడిపించావా?"

"లేదు. నువ్వు చెప్పినట్టే చేశాం."

"చూశావా మరి. ఒక్కరోజు బుద్ధిగా ఉంటే అంతా ఎంత సవ్యంగా అయిందో."

బ్యాకస్ పళ్లెం ముందుకు జరిపాడు. "ఇంకొంచెం వెయ్యి."

ఆమె వడ్డిస్తూ కిందికి చూసింది. "నీళ్లలో తిరిగొచ్చినవాడివి, బూట్లకు ఆ బురదేంటి?"

"ముసలమ్మ కాళ్లు కడిగి వచ్చాను" అన్నాడు ఓరిన్, రొట్టె తుంచుకుంటూ.